ఉప్పు రాల్చే ఇల్లు

మా ఇంటి కప్పు మట్టిది. వంకర దూలాల మీద రెల్లు పరిచి, దాని మీద మట్టి మెత్తాడు మా నాన్న. ఆయన ఉన్నన్నాళ్లూ రాలలేదు. ఆయన పోయాక మొదలుపెట్టింది.

మా వియ్యంకుడు కాసిమాలీ మొదటిసారి ఇంటికొచ్చిన రోజున, ఆచారం ప్రకారం ఉడికించిన గొర్రె తలకాయ ఆయన ముందు పెట్టాను. ఆయన కత్తి అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి మట్టిపెళ్ల ఊడి తలకాయ మీద పడింది. ఆయన పెళ్ల పక్కకి తీసి, తిని వెళ్లాడు. కనుమ దాటి తన ఊరు చేరాక అన్నాడట: "వాళ్లింట్లో ఉప్పు వెయ్యక్కర్లేదు, కప్పే వేస్తుంది."

ఆ మాట అదే కనుమ దాటి మా ఊరొచ్చింది. కాలువ దగ్గరా, గుర్రాల దగ్గరా నన్ను చూస్తే "ఉప్పు దొరుకుతుందా?" అని అడిగేవాళ్లు. నేను నవ్వేసి పోయేవాణ్ణి. కానీ మా కోడలు నుర్జామల్ తన తండ్రి మాటకి తాను తలొంచుకు తిరగడం చూశాను. అది గుచ్చుకుంది.

కాసిమాలీ మళ్లీ వస్తున్నాడని కబురొచ్చింది. మట్టికప్పు కింద ఇంకో కప్పు బిగిద్దామని కొచ్కోర్ బజారుకు పోయి జిప్సమ్ బోర్డులూ, వాటిని బిగించే చెక్క రీపర్లూ తెచ్చాను. మా అబ్బాయి మందతో కొండ మీదున్నాడు. పొరుగింటి ఓర్మోన్ సాయానికొచ్చాడు. మా దగ్గర ఇలాంటి పనికి కూలి ఉండదు, మాంసం కుండ ఉంటుంది.

దూలాలు వంకర. ఒకచోట కిందికి, ఒకచోట పైకి. గొట్టంలో నీళ్లు పోసి నాలుగు గోడల మీదా మట్టం గుర్తు పెట్టాం. దారం లాగాం. దారానికి సరిపోయేలా దూలానికీ రీపరుకీ మధ్య చెక్కముక్కలు దూర్చి బిగించాం. నేను కిటికీ వైపు నుంచి, ఓర్మోన్ తలుపు వైపు నుంచి, రీపరుకీ రీపరుకీ మధ్య జానలు కొలుచుకుంటూ వచ్చాం. టేపు లేక కాదు. కంబళైనా గోడైనా జానతో కొలవడమే మాకు అలవాటు.

వియ్యంకుడు వచ్చే రోజు పొద్దున బోర్డులు ఎక్కించడం మొదలుపెట్టాం. కిటికీ వైపు బోర్డులు చక్కగా కూర్చున్నాయి. గది నడుమకి వచ్చాక బోర్డు అంచు రీపరు మీద పడలేదు. ఖాళీలో వేలాడింది. మరమేకు బిగిద్దామంటే వెనక కర్రే లేదు.

ఓర్మోన్ చెయ్యి పట్టుకుని నా చేతి పక్కన పెట్టాను. వాడి జాన నా జానకన్నా రెండు వేళ్లు పెద్దది.

"జానంటే జానే కదన్నా!" అన్నాడు.

"నీది జాన కాదు, పార."

"మరి కొలవమన్నప్పుడు నా చెయ్యి చూళ్లేదా?"

బయట పొయ్యి దగ్గర్నుంచి మా ఆవిడ బురుల్చా అరిచింది. "ఏమయ్యా! తల ఉడికింది. వాళ్ల కారు కనుమ దిగుతోందట. మీరింకా చేతులు చూసుకుంటున్నారా? జాతకాలు చెప్పుకుంటున్నారా?"

ఇంట్లో రీపరు ముక్క మిగల్లేదు. బజారు దూరం. నేను బల్ల మీద నిలబడి ఖాళీ వంక చూస్తూ ఉండిపోయాను.

నుర్జామల్ నా ఎదుట గట్టిగా మాట్లాడదు. కొట్టంలోకి పోయి, భుజాన కట్టతో వచ్చింది. మా అమ్మ కంబళి గుడారం కప్పు వాసాలవి. కంబళి ఎప్పుడో చివికిపోయింది. ఎర్రరంగు వాసాలు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇవి కప్పు మొయ్యడానికే చేసినవి కదా, మామయ్యా," అంది మెల్లగా.

వంపు ఉన్న కొసలు కోసేశాను. ఒక పక్క బాడిసెతో చెక్కి చదును చేశాను. ఈసారి టేపుతో కొలిచాను. బోర్డు అంచు ఎక్కడ పడుతుందో అక్కడే బిగించాను. మర ఎర్రకర్రలోకి దిగుతూ కిర్రుమంది. గట్టిగా పట్టింది.

ఆఖరి బోర్డు గాలిలో ఉండగా గుమ్మంలో కాసిమాలీ నిలబడ్డాడు. ఒక మూలని నుర్జామల్ బల్ల మీంచి ఎత్తి పట్టుకుంది.

"సలాం బావగారూ," అన్నాను పైనుంచే. "ఆ మూల కాస్త తల పెట్టండి."

ఆయన కూతురి వంక చూశాడు. గబగబా వచ్చి బల్ల ఎక్కి, కూతుర్ని పక్కకి జరిపి, తెల్ల ఉన్ని టోపీతోనే బోర్డు కింద తల దూర్చాడు.

"పోయినసారి మట్టే వేశారు. ఈసారి ఇల్లే నెత్తిన పెట్టారు!"

"కదలకండి మామా," అన్నాడు ఓర్మోన్. "కదిల్తే టోపీతో సహా బిగించేస్తాడు."

ఆఖరి మర దిగింది. ఆయన తల తీశాడు. బోర్డు అక్కడే ఉంది.

నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచాం. తలకాయ ఆయన ముందు పెట్టాను. ఆయన కత్తి అందుకోలేదు. ముందు పైకి చూశాడు. అందరం చూశాం. లేచి నిలబడి పిడికిలితో కప్పుని గట్టిగా గుద్దాడు. ఇంకోసారి గుద్దాడు.

పిసరు రాలలేదు.

కూర్చుని మాంసం కోసి నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. నుర్జామల్ తలెత్తి తండ్రి మొహంలోకే చూస్తోంది.

"చెల్లెమ్మా," అన్నాడు కాసిమాలీ బురుల్చాతో, "ఉప్పు తక్కువైంది."

ఓర్మోన్ నవ్వుకి టీ పొలమారింది. నుర్జామల్ లేచి, ఉప్పు గిన్నె తెచ్చి తండ్రి ముందు ఠక్కున పెట్టింది.