సగం మాల

స్వామి కుడిచెయ్యి స్వామి కంటే ముందే లేస్తుంది. రాత్రి దాన్ని విప్పి, అరలో ఫోను పక్కన చార్జింగ్ పెట్టి పడుకుంటాడు కదా, పొద్దున అయిదు కాగానే వేళ్ళు వాటంతట అవే కదులుతాయి. చేతికి ఏది అందితే దాన్ని మాల కట్టేస్తాయి. ఒకరోజు చార్జర్ వైరుకు కరివేపాకు రెబ్బలు. ఇంకోరోజు భవాని తల పిన్నులు. మొన్నయితే కూరకని తెచ్చిపెట్టుకున్న గోకరకాయలను మూరన్నర పొడుగున, ఒక్కటి వంకర పోకుండా కట్టిపెట్టింది.

"ఏందయ్యా, నీ చెయ్యికి జర చెప్పరాదా? ఈటిని కూరొండాల్నా, దేవుని పటానికి వెయ్యాల్నా?" అంటూనే భవాని ముడులు విప్పడానికి కూర్చుంది. గుంజితే ఊడే ముడులు కావవి. ఎడమవైపు ఒక తిప్పు తిప్పితే మాత్రం సుళువుగా జారిపోతాయి. ఆ కిటుకు కనిపెట్టడానికి ఆమెకు వారం పట్టింది.

నానక్‌రాంగూడ టవర్ గేటు దగ్గర కూడా ఇదే వరస. స్వామి అక్కడ సెక్యూరిటీ. వచ్చేపోయేవాళ్ళకు విజిటర్ కార్డులు ఇవ్వడం అతని పని. అతను రిజిస్టరులో పేర్లు చూస్తుంటే చెయ్యి ఆ కార్డుల తాళ్ళను వరసపెట్టి దండ చేసేది. వచ్చినవాళ్ళు దండలోంచి ఒక కార్డు తీసుకుని మెడలో వేసుకుని లిఫ్టు ఎక్కేవాళ్ళు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అసలు ఆ టవర్లో ఎవరి పరేషాన్ వాళ్ళది, గేటు దగ్గర చెయ్యి మాల కడితే ఎవరికి కావాలి?

రెండేళ్ళ కిందటి దాకా స్వామి టైల్స్ మేస్త్రి. గోపన్‌పల్లిలో లేచిన అపార్టుమెంట్లలో సగం వంటిళ్ళు అతని చేతిమీదుగా పోయినవే. బండ పరిచాక వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చప్పుడును బట్టి కింద బోలు ఉందో లేదో చెప్పేసేవాడు. ఒక మధ్యాహ్నం కటింగ్ మిషన్ ఆ చేతిని మణికట్టు పైదాకా తీసుకుపోయింది. ఎడమచేత్తో అన్నం తిననని మొండికేస్తే రెండేళ్ళూ భవానే కలిపి పెట్టింది. గేటు దగ్గర అతని ఖాళీ చొక్కా చెయ్యిని రోజూ చూస్తూ పోయిన తేజస్విని మేడం ఒకనాడు ఆగింది. ఏడో అంతస్తులో కృత్రిమ చేతులు తయారుచేసే కంపెనీ ఆమెది. ప్రొద్దుటూరు మనిషి, మాట మెత్తన, పట్టుదల గట్టిది.

"నీ మోచేతి నరాలు ఏం చెప్తే అది వింటది అన్నా. కానీ పని ఎట్లా చెయ్యాలనేది దానికి ఎవరో ఒకరు నేర్పాల కదా. అందుకే ఒకామెకు వైర్లున్న గ్లవుజు తొడిగి మూడు నెలలు పని చేయించినాం. ఆ పనితనమంతా ఇందులో పోసినాం" అని చెప్పి చెయ్యి తొడిగింది. మూడు నెలలు వాడి చూడాలి. చివరి శుక్రవారం పరీక్ష. గ్లాసు ఎత్తడం, గుండీ పెట్టడం, తాళం తీయడం లాంటి పది పనులు చెయ్యగలిగితే చెయ్యి స్వామిదే. ఆ రోజే అందులో ఉన్న పనితనాన్ని ఉన్నదున్నట్టు బిగించేస్తారు, ఇక మారదు. పని చెయ్యకపోతే చెయ్యి వెనక్కి ఇవ్వాలి, వరసలో ఇంకొకరు ఎదురుచూస్తున్నారు.

పది పనులూ ఆ చెయ్యికి ఒక లెక్క కాదు. ఒక్క తాపీ మాత్రం పట్టేది కాదు. ఇస్తే అటూ ఇటూ తిప్పి, దారం కోసం వెతికి, కింద పెట్టేసేది. స్వామి కొన్నాళ్ళు బాధపడి ఊరుకున్నాడు. మేస్త్రిపని పోతే పోయింది, సొంత చేత్తో అన్నం తింటున్నా కదా అనుకున్నాడు.

పరీక్ష ఇంకో అయిదు రోజులుందనగా, ఆదివారం, స్వామి, భవాని సదాశివపేటలో చుట్టాల పెళ్ళికి పోయి వస్తూ మియాపూర్‌లో బస్సు దిగారు. మెట్రో మెట్ల కింద ఒక ముసలమ్మ బుట్టలో విడి మల్లెలు పెట్టుకుని కూర్చుంది. కట్టిన మాలల కోసం వచ్చినవాళ్ళు విడిపూలు చూసి పక్క దుకాణానికి పోతున్నారు. స్వామి ఇంకా బేరం కూడా అడగలేదు. చెయ్యి అతన్ని కిందికి గుంజి కూర్చోబెట్టింది. బుట్ట అంచుకు వేలాడుతున్న దారం అందుకుని, పూలు జతలు జతలుగా పేరుస్తూ కట్టుకుంటూ పోయింది.

ముసలమ్మ చూస్తూ చూస్తూ ఆ చేతిని పట్టుకుంది.

"ఈ ముడి నాది బిడ్డా" అంది. "ఎడమ దిక్కు తిప్పి ఇడుసుడు మా అత్త నేర్పింది. ఈ మియాపూర్ల ఇంకొగలకు రాదు."

ఆమె పేరు పోచమ్మ. గ్లవుజు తొడుక్కుని మూడు నెలలు మాలలు కట్టింది ఆమే.

"ఎన్నడు గూడ నేను మాల పూర్తి చేసి లేవలే. సగం కట్టి బుట్టల వెట్టి పోయేదాన్ని. తెల్లారి చెయ్యి ఆడికెల్లే అందుకునేది. ఆఖరు దినం గా ఆఫీసోళ్ళు 'మొత్తం కట్టు అవ్వా' అంటే కాదనలేక కట్టేసిన. గ్లవుజు తీసి ఇచ్చిన. తెల్లారి కూసుంటే చేతికి ఏళ్ళున్నయి గని వాటి ఇకమతు లేదు. ఎటు తిప్పాల్నో యాదికొస్తలేదు."

"ఆఫీసుల చెప్పకపోయినవా అవ్వా?" అన్నాడు స్వామి.

"ఏమని చెప్పాలె? పని చేయించుకున్నరు, పైసలిచ్చిన్రు. మంచిగనే చూసిన్రు. తప్పు నాదే, మిగిల్చుకోవాలె గద."

స్వామి పోచమ్మ చెయ్యిని తీసి దారం మీద పెట్టాడు. దాని మీద తన కుడిచెయ్యి పెట్టాడు. అక్షరాభ్యాసం నాడు అయ్యవారు పిల్లవాడి చేతిని పట్టుకుని బియ్యంలో దిద్దిస్తాడే, అట్లా. నాలుగు పూలు కట్టించాక చెయ్యి తీశాడు. అయిదో ముడి పోచమ్మ తానే వేసింది. వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా మారుద్దామంటే స్వామి చెయ్యి గుండీ పెట్టలేకపోయింది. పొద్దున పెట్టిన చెయ్యే. గుండీ పట్టుకుని, ఎటు తొయ్యాలో తెలియక ఆగిపోయింది. భవాని చూసింది. అక్కడికి పోయినంత ఇక్కడ తగ్గిందని ఇద్దరికీ అర్థమైంది.

"శుక్రవారం దాంక ఆగు. చెయ్యి మనదైనంక నేర్పుదువు" అంది భవాని.

"శుక్రవారం బిగించేస్తరు. ఇగ అండ్లకెల్లి ఏం రాదు."

"ఇయ్యకుంటే ఏమైతది? నువ్వేం దొంగతనం జేసినవా? పరీక్ష తప్పితే చెయ్యి గుంజుకుంటరు. మళ్ళ నేను కలిపి పెట్టాల్నా?"

స్వామి గుండీ వదిలేశాడు. "నాది మిషన్ల వడి పోయింది, ఎవ్వలూ తెచ్చియ్యలేరు. ఆమెది నా తాన్నే ఉంది. ఉంచుకొని దాంతోని అన్నం ఎట్ల తినాలె భవానీ?" అన్నాడు.

భవాని గిన్నెలు తోముకుంటూ కోపమంతా వాటి మీద చూపించింది. సోమవారం స్వామి డ్యూటీ దిగి మియాపూర్ పోతుంటే మాత్రం, అడగకుండానే వెంట వచ్చి పోచమ్మ పక్కన కూర్చుని పూలు ఏరిపెట్టింది.

నాలుగు సాయంత్రాలు. రోజూ పోచమ్మ మాల ఒక మూర పొడుగయ్యేది, స్వామి ఇంటికొచ్చాక ఒక పని తగ్గేది. సోమవారం తాళం పోయింది. మంగళవారం చెంచా పోయింది. బుధవారం గ్లాసు జారి నీళ్ళు ఒలికాయి. గురువారం దిద్దిస్తుండగానే పోచమ్మ వేళ్ళు అతని వేళ్ళను దాటి పరుగెత్తాయి, కింద ఎవరి చెయ్యి ఉందో పైన ఎవరి చెయ్యి ఉందో చూసుకోకుండా. స్వామి చెయ్యి మెల్లగా జారి అతని ఒళ్ళో పడింది.

పోచమ్మ ఒక మాల తెంపి భవాని జడలో తురిమింది. రెండో మాల మొదలుపెట్టి, సగం కట్టి, దారంతో సహా బుట్టలో పెట్టేసింది.

"పని మొత్తం ముగించి లేవకు బిడ్డా. రేపటికి చెయ్యికి ఇంత మిగిలియ్యాలె" అని చెప్పింది.

శుక్రవారం పొద్దున అరలో అలికిడి లేదు. గోకరకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "పాడు చెయ్యి, చప్పుడు లేకుంటే ఇల్లు ఇల్లు లెక్కనే లేదు" అని భవాని కళ్ళు తుడుచుకుంది. దాన్ని ఆమే అతనికి తొడిగి, బెల్టు బిగించి పంపింది.

ఏడో అంతస్తులో బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టారు. చెయ్యి దాని పక్కన వెల్లకిలా పడుకుంది, అప్పుడే పుట్టిన పిల్ల చెయ్యిలాగా. తేజస్విని కంప్యూటర్ వైపు చూసి మళ్ళీ చూసింది.

"ఇదంతా ఖాళీగా ఉంది కదన్నా. అందులో ఉన్నదంతా యాడికి పోయింది?"

"ఎవరిది వాళ్ళకు ఇచ్చేసిన మేడం. పోచమ్మ అవ్వది."

తేజస్విని కుర్చీలో వెనక్కి వాలింది. ఆ ముసలమ్మ మాల పూర్తిచేసి, గ్లవుజు ఇచ్చి, ఉత్త చేతులు చూసుకుంటూ లిఫ్టు ఎక్కడం ఆమెకు గుర్తుంది. ఆ రోజు ఎందుకు అట్లా చూసుకుంటోందో అడగలేదు. ఇప్పుడు మొహం ఎర్రబడింది. "నేను అడగాల్సింది" అని మాత్రం అంది. కాసేపటికి, "మరి నీ సంగతేందన్నా? ఫారంలో సున్నా రాస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే" అంది.

స్వామి తన ఎడమచేతిని చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళు కుడిచెయ్యి పక్కనే ఉండి, అది తాపీ పడితే తాను బండ పట్టిన చెయ్యి. దానికి తెలియంది ఏముంది? ఎడమచేతిని కుడిచేతి మీద పెట్టి, గ్లాసు దగ్గరికి నడిపించి వేళ్ళు మూయించాడు. గ్లాసు దొర్లింది. మళ్ళీ నడిపించాడు. నీళ్ళు ఒలికాయి. మూడోసారి గ్లాసు లేచింది. నెమ్మదిగా ఎడమచెయ్యి తీసేశాడు. గ్లాసు అక్కడే నిలబడింది.

చెయ్యి గ్లాసును కింద పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. ఎవరూ చెప్పకుండానే వేలు మడిచి, కణుపుతో బల్లను రెండుసార్లు తట్టింది. ఆగి విన్నట్టుగా కొంచెం పక్కకు జరిగి మళ్ళీ తట్టింది.

స్వామి బల్ల మీదికి వంగాడు. "ఈడ బోలుంది మేడం" అన్నాడు. "బల్ల లోపల."

తేజస్విని ఫారంలో సున్నా రాయలేదు. 'నేర్చుకుంటోంది' అని రాసి, గడువు ఇంకో మూడు నెలలు పొడిగించింది. ఆ సాయంత్రమే ఆమె మియాపూర్ పోయి పోచమ్మ ముందు కూర్చుందని, ఇక గ్లవుజు తొడిగిన ఎవరి చేతా ఆఖరు రోజు పని పూర్తి చేయించవద్దని ఆఫీసులో చెప్పిందని తర్వాత తెలిసింది.

మూడు నెలలు తిరక్కుండానే స్వామి గేటు పని మానేసి గోపన్‌పల్లిలో ఒక వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాపీ కుడిచేతిలో ఉంది. సాయంత్రానికి గది అంతా పరిచేశాడు. తలుపు పక్కన ఒక్క బండ జాగా మిగిలింది. ఇంటివాళ్ళు వచ్చి చూసి, ఆ ఒక్కటీ వేసేసి పో మేస్త్రీ, అరగంట పని కదా అన్నారు.

"రేపు" అన్నాడు స్వామి. తాపీ కడిగి, ఆఖరి బండను గోడకు ఆనించి, ఇంటికి పోయి తన చేత్తో తాను కలుపుకుని అన్నం తిన్నాడు.

పొద్దున అయిదింటికి అరలో చప్పుడైతే భవాని లేచి చూసింది. చెయ్యి అర చెక్కను వేలి కణుపుతో తడుతోంది.