సిమెంటుకు దక్కని మడి

బట్టలు కుట్టే కొట్టుకీ, పక్కనే ఉన్న బైకులు బాగుచేసే షెడ్డుకీ ముందు ఉమ్మడిగా జానెడు జాగా ఉంది. కొట్టు చెల్లెలిది, షెడ్డు అన్నది. చెల్లెలు అక్కడ మొక్కల నర్సరీలో కొన్న పాన్సీ పూలమొక్కలు పెంచేది. అన్నకేమో దాన్ని సిమెంటు చేయించి బళ్ళు నిలబెట్టాలని కోరిక.

కిందటేడు పూలు వాడుతుండగా అన్న తేల్చేశాడు. "కొన్న మొక్కలు ఎవరైనా పూయిస్తారు. నీ గింజలతో పూయించు, జాగా నీదే. లేదంటే సిమెంటు."

"సరే అన్నయ్యా," అంది చెల్లెలు. పట్టిన పట్టు విడిచే రకం కాదు మరి.

వేలాడే కాయలు తలెత్తి పాలిపోగానే, పగలకముందే కోసి కాగితపు సంచిలో వేసింది. అవి సంచిలోనే పేలి గింజలు రాల్చాయి. విత్తే వేళకు దర్జీ బుద్ధి దెబ్బకొట్టింది. సూదిలో దారం ఎక్కించడానికి తనకు వెలుగు కావాలి కాబట్టి గింజలకూ కావాలనుకుంది. సగం గింజలు మట్టి మీద చల్లి, ట్రేను మిషను దీపం కింద పెట్టింది. ఒక్కటీ మొలవలేదు.

"ఏం చెల్లీ, మట్టిని కుడుతున్నావా?" అనేవాడు అన్న, రోజూ తొంగిచూసి. ఆమెకు ఒళ్ళు మండేది, లోలోపల భయమూ వేసేది.

చివరికి అభిమానం చంపుకుని నర్సరీ ఆవిడను అడిగింది.

"దీపం కిందా?" ఆవిడ నవ్వింది. "పాన్సీ గింజకు చీకటి కావాలమ్మా. మట్టి కప్పి చల్లగా ఉంచు."

మిగిలిన గింజలు విత్తి, కోటు లైనింగు నల్లగుడ్డ కప్పి, ట్రేను బల్ల కింద దాచింది. ఓ పొద్దున గుడ్డ ఎత్తితే లేత మొలకలు. చేతిలోని చొక్కా పక్కన పడేసి చిన్నపిల్లలా గెంతింది. వెంటనే ట్రేను వెలుగులోకి మార్చింది.

చలి మొదలయ్యేసరికి మడి నిండా పూలే, ఏ రెండూ ఒక్కలా లేవు. అన్న వచ్చి మూతి విరిచాడు.

"ఎక్కడ కొన్నావు?"

ఇంత కష్టపడితే ఈ మాటా అనుకుంది ఆమె. అప్పుడే బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన నర్సరీ ఆవిడ మడి ముందు గొంతుక్కూర్చుంది.

"నాలుగు రెక్కలు పైకి, ఒకటి కిందికి. పాన్సీయే. కానీ తెల్ల అంచుతో ఈ ఇటుకరంగు నేనెక్కడా చూడలేదు. దీని గింజలు నాకిస్తావా అమ్మా?"

చెల్లెలి గుండె ఉప్పొంగింది.

"అన్నయ్యనడగండి," అంది. "ఎక్కడ కొన్నానో ఆయనకే తెలుసు."

అన్న తల గోక్కున్నాడు. తర్వాత అప్పటికే మడి అంచుదాకా తెచ్చి నిలబెట్టిన బైకుల్ని ఒక్కొక్కటే వెనక్కి లాక్కున్నాడు.