బంధువు కాని ఒక్కరు

నేను అల్లే మొగలాకు బుట్టలు మా వవావు దీవి నుంచి ఆన్‌లైన్ బజారుకెక్కి దేశదేశాలు పోతాయి. ఆ ఫోను పనంతా పోస్టాఫీసులో పనిచేసే వికా చూస్తుంది. పార్సెల్ కట్టే ముందు ప్రతి బుట్టనీ ఒకసారి వెనక్కి తీసుకుని, పిడి లాగి చూస్తాను. వెళ్ళిపోయేదేదైనా సరే, నా చేతులు తేలిగ్గా వదలవు.

ఆ వారం బజారువాళ్ళు కొత్త నియమం పెట్టారు. వస్తువు గురించి అభిప్రాయం రాసినవాళ్ళు తాము అమ్మేవారికి బంధువో కాదో చెప్పాలి. బంధువుల పొగడ్తకు నక్షత్రాల మార్కులు ఉండవు. కొనేవాళ్ళు మోసపోకూడదుగా. నియమం మంచిదే, మావాళ్ళతోనే వచ్చింది చిక్కు.

"కొంప మునిగింది, పెద్దమ్మా!" అంది వికా. "నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది 'బంధువు' అనే నొక్కారు."

"అంతమంది చుట్టాలు నాకెక్కడున్నారే?"

"పాస్టరుగారూ అదే నొక్కారు. 'ఫిఫిటా నాకు అక్క కాదా?' అని నీ పేరు పెట్టి అడిగారు. సిడ్నీలో ఉన్న పళ్ళ డాక్టరు, మీ నాయనమ్మా వాళ్ళ నాయనమ్మా ఒకే పడవలో వచ్చారని రాశాడు."

"అబద్ధం కాదుగా."

"అదే నా ఏడుపు! అబద్ధమాడేవాడు ఒక్కడూ లేడు."

"మరి ఆ నలభయ్యో మనిషి?"

వికా ఫోను నా చేతికిచ్చింది. "చేపలు మోసినా పిడి ఊడలేదు. సియాలె, ఆక్లాండ్." దాని కింద: "బంధువు కాదు."

సియాలె నా సొంత చెల్లెలు. అమ్మ పోయాక, అల్లిక కోసం ఆమె ఆకు గీకిన ఆల్చిప్ప ఎవరిదని పోట్లాడుకున్నాం. చెల్లెలు దాన్ని తీసుకుని ఓడెక్కింది. రేవులో నేను చెయ్యి ఊపలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెయ్యి నన్ను బాధపెడుతూనే ఉంది.

"అది కొన్నట్టు నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు తిండి మానేస్తావని. ఆ ఒక్క అభిప్రాయంతోనే మన దుకాణానికి నక్షత్రాలున్నాయి. అవీ పోతే ఎవరికీ కనపడం."

"పార్సెల్ కాగితంలో నంబరుంటుంది కదా. కలుపు."

"ఎవరూ?" అంది అవతలి గొంతు.

"నీకు బంధువు కానిదాన్ని."

అవతల నవ్వు, అచ్చం అమ్మ నవ్వు.

"ఓసి పిచ్చి అక్కా! నియమం చదివే నొక్కాను. లోకమంతా నీకు చుట్టాలే అయితే ఎలా? ఒక్కరైనా పరాయివాళ్ళు ఉండొద్దూ?"

"నా కోసమా?"

"కాదు, నీ వంకర పిడి కోసం."

"వంకరేం కాదు."

"వంకరే. అమ్మ అల్లినట్టే ఉంది."

"సియాలే, మార్చవే. బంధువని నొక్కు."

"దుకాణం ఏమవుతుంది?"

"ఏమైనా కానీ. కొనేవాళ్ళకి అబద్ధం చెప్పలేను. నీ పేరు పక్కన ఆ మాట అసలే చూడలేను."

"పొగరు తగ్గలేదు నీకు."

"ఆల్చిప్ప ఉందా?"

"ఉంది. దాంతో చేమదుంపల చెక్కు తీస్తున్నా. పంపనా?"

"వద్దు. నువ్వే పట్టుకురా."

మర్నాడు మా దుకాణం పేరు పక్కన ఒక్క నక్షత్రం లేదు.

"ఇప్పుడెలా, పెద్దమ్మా?"

"పరాయివాళ్ళెవరైనా కొనేదాకా అల్లుతాను. ముందు ఆ కింద కొత్తగా రాసింది చదువు."

వికా గట్టిగా చదివింది. సియాలె తన మాట మార్చి రాసింది: "బంధువును. చెల్లెలిని. పిడి వంకర."