రెండు ముఖాల తల

నది నోరు మూసుకుంది.

నిన్నటి దాకా గోడ కింద గలగలమన్న డాన్యూబ్... తెల్లారేసరికి సడి లేదు. వెరెకుంద ఉలి పక్కన పెట్టి చెవి ఒగ్గింది. పుట్టి బుద్ధెరిగాక విన్న చప్పుళ్ళన్నిటి కంటే ఆమెను భయపెట్టేది ఇదే — చప్పుడు లేకపోవడం.

మంచు గట్టిపడుతోంది.

మంచు గట్టిపడితే నది నది కాదు, బాట. అవతలి ఒడ్డు గుర్రాలు నడిచివచ్చే తెల్లటి బాట.

ఇవతల ఊరి గోడకు గండి. మొన్న వసంతంలో వరద కొట్టిన గండి. కంపా, మట్టీ, విరిగిన తలుపులూ కుక్కి పెట్టారు. మేకపోతు కాస్త కోపంగా పొడిస్తే కూలేటట్టుంది.

ఊరి కూడలిలో మాత్రం చక్రవర్తి దర్జాగా నిలబడి ఉన్నాడు. ఇద్దరు మనుషులెత్తు. నది వైపు విరిచిన రొమ్ము. ఆ రొమ్మూ, ఆ భుజాలూ, కవచం మీద గర్జించే సింహాలూ వెరెకుంద ముత్తాత చెక్కినవి.

తల సంగతి వేరు.

ఒక చక్రవర్తి పోతాడు. కొత్తవాడి ముఖం గీసిన పటం వస్తుంది. ఊరంతా దీపాలతో, సాంబ్రాణితో ఎదురెళ్తుంది. వెరెకుంద ఇంటివాళ్ళు మెడ గుంటలోంచి పాత తల ఊడదీస్తారు. కొత్త పాలరాయి ఎవరిస్తారు? ఆ తలనే కొత్త ముఖంగా చెక్కి మళ్ళీ కూర్చోబెడతారు. గడ్డం ఉన్నవాడు నున్నటివాడయ్యాడు. లావుపాటివాడు బక్కవాడయ్యాడు. చెక్కినప్పుడల్లా తల కొంచెం తరిగింది.

తరిగింది... ఇంకా తరిగింది...

వెరెకుంద చేతికి వచ్చేనాటికి ఏనుగంత ఒంటి మీద ఉల్లిగడ్డంత తల! పిల్లలు పడీపడీ నవ్వేవారు. పెద్దవాళ్ళు గోడ వైపు తిరిగి నవ్వేవారు. చక్రవర్తి బొమ్మను చూసి నవ్వడం రాజద్రోహం కదా.

ఆ తర్వాత రాజ్యం పంచారు.

పెద్ద చక్రవర్తి పోయాడు. కొడుకులిద్దరూ పొలం గట్టు వేసుకున్నట్టు లోకానికి గట్టు వేసుకున్నారు. తూర్పు పెద్దవాడికి, పడమర చిన్నవాడికి. సరిగ్గా ఆ గట్టు మీద పడింది ఈ ఊరు. ఇద్దరి పటాలూ ఒకే వారంలో వచ్చాయి. ఇద్దరికీ సమానంగా మర్యాద జరగాలన్నారు.

ఊరి పెద్ద ఉర్సికీనుస్ ఆమెకు బావగారు, పోయిన మొగుడికి అన్న. రెండు పటాలూ చంకన పెట్టుకుని వచ్చాడు.

“ఉన్నది ఒక్క తల. ఇద్దరెట్లా పడతారు బావగారూ?”

“నాకేం తెలుసే అమ్మా! ఇద్దర్లో ఎవరు తగ్గినా, ఎగిరేది నా తల.”

ఆమె ఒకే తలకు రెండు ముఖాలు చెక్కింది. ముందొకటి, వెనకొకటి. చెక్కాక గానీ తట్టలేదు — ముందు ఎవరిని పెట్టాలి? ఎవరిని ముందు పెట్టినా రెండోవాడు వెనక్కి తిరిగినట్టే. పెద్దలు ఒక రోజంతా తిట్టుకున్నారు. చివరికి తలను పక్కకు తిప్పి కూర్చోబెట్టారు. ఒకడు కుడి భుజం మీదుగా తూర్పుకు చూస్తాడు. ఒకడు ఎడమ భుజం మీదుగా పడమటికి చూస్తాడు.

ఎదురుగా ఉన్న నదిని చూసేవాడు ఒక్కడూ లేడు.

వరద వచ్చింది, గోడ పడింది. తూర్పుకు కబురు పెట్టారు. ఆ గోడ పడమటిది అన్నారు. పడమటికి కబురు పెట్టారు. తూర్పుది అన్నారు. కాపలా దండులో సగం అటు నడిచింది, సగం ఇటు నడిచింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

ఆ మధ్యాహ్నం ఊరంతా గండి దగ్గర చేరింది. అవతలి ఒడ్డున గుర్రాలు కనిపిస్తున్నాయి. మనుషులు మంచు మీదకు దిగి ఈటె మొదళ్ళతో కొట్టి చూస్తున్నారు. వేసవిలో తేనే, తోళ్ళూ అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళే. ఈ ఏడు వాళ్ళకూ పంట లేదు. ఈ ఊరి గాదెల్లో గింజలున్నాయని వాళ్ళకు తెలుసు. గండి ఎక్కడుందో కూడా తెలుసు.

“రేపు పొద్దున వస్తారు,” అన్నాడు ఉర్సికీనుస్. “రాయి కావాలి. ఈ గండికి పట్టే పెద్ద రాయి. నేలేమో గడ్డకట్టింది, తవ్వనీదు. ఎక్కణ్ణుంచి తెస్తాం?”

“రాయి ఉంది,” అంది వెరెకుంద.

ఏ రాయో అందరికీ అర్థమైంది. ఒక్కరూ కూడలి వైపు తిరగలేదు.

“నోర్ముయ్! మళ్ళీ అనకు ఆ మాట. చక్రవర్తి బొమ్మ మీద చెయ్యేస్తే వంశం మిగలదు.”

“చక్రవర్తంటే తలా బావగారూ, ఒళ్ళా?”

ఆయన అప్పుడు కూడలి వైపు తిరిగాడు.

“ఆ తల ఊడదీసి మా నాన్న పనిలో పెట్టుకున్నన్నాళ్ళూ, ఆ భుజాల మీద మీ అమ్మే తడిబట్టలు ఆరేసేది. ఒక్కరన్నా రాజద్రోహం అన్నారా? తల లేనప్పుడు అది ఒట్టి రాయేగా!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. నెలల తరబడి ఆ ఊళ్ళో అంతమంది ఒక్కసారి నవ్వింది లేదు.

ఆమె కూడలికి నడిచి, బొమ్మకు నిచ్చెన వేసి ఎక్కింది.

ఎక్కుతుంటే కవచం మీది సింహాలు చేతికి తగిలాయి. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఆ సింహాల నోట్లో వేళ్ళు పెట్టేది. తల ఎవరిదైనా కానీ, ఒళ్ళు మనదే తల్లీ అనేవాడు నాన్న. ఆ ఇంటి చేతిపనిలో మిగిలింది ఇదొక్కటే. దీన్ని తనే పడగొట్టబోతోంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, నిచ్చెన మీదే, అందరూ చూస్తుండగానే. ఏడుస్తూనే తలను పట్టి కదిలించింది.

తల ఊడి చేతిలోకి వచ్చింది.

దాన్ని తన శాలువాలో చుట్టి, దిగి, రెండు చేతులతో ఉర్సికీనుస్‌కు అందించింది.

“చక్రవర్తులిద్దరూ మీ ఒళ్ళోనే ఉన్నారు. జాగ్రత్త బావగారూ, కింద పడేస్తే అదీ రాజద్రోహం. నేను రాయి తీసుకుపోతాను.”

ఇక చూడాలి ఆ ఊరిని! తాళ్ళు వచ్చాయి, ఎడ్లు వచ్చాయి, దూలాలు వచ్చాయి. రొట్టెలు కాల్చే ఆడవాళ్ళు పిండి చేతులతోనే తాడు పట్టారు. చక్రవర్తి ఒళ్ళు ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది... దబ్బున పడింది. బొమ్మ చెయ్యి ఒకటి విరిగింది. వెరెకుంద అటు చూసింది. తాడు మాత్రం వదల్లేదు. దుంగల మీద దొర్లించారు, తోశారు, లాగారు, తిట్టుకున్నారు, పాడుకున్నారు. పొద్దు వాలేలోగా ఆ రొమ్ము గండికి అడ్డంగా కూర్చుంది. పక్కల్లో విరిగిన చెయ్యి, పీఠం ముక్కలు, ఇళ్ళ గడపరాళ్ళు.

సున్నం లేదు.

“సున్నమెందుకు? ఈ చలి ఉందిగా!” అంది వెరెకుంద.

గోడ కింద మంచుకు కన్నాలు కొట్టారు. కడవలతో నీళ్ళు తోడి రాళ్ళ సందుల్లో పోశారు. పోసిన నీళ్ళు పోసినట్టే బిగిశాయి. మళ్ళీ కన్నాలు, మళ్ళీ నీళ్ళు. ఇన్నాళ్ళూ భయపెట్టిన చలే కూలి అడగని పనివాడిలా రాయికి రాయిని అతికింది.

పొద్దున వాళ్ళు వచ్చారు.

తెల్లటి నది మీద నల్లటి వరస. గుర్రాల ఆవిరి. నేరుగా గండి వైపే. దగ్గరకు వచ్చి ఆగారు. కంప ఉండాల్సిన చోట కొండలాంటి రొమ్ము, దాని మీద నోళ్ళు తెరిచిన సింహాలు. కొక్కేలు వేసి లాగారు. కదల్లేదు. గుర్రాలకు కట్టి లాగారు.

కదల్లేదు!

గోడ పైనుంచి రాళ్ళు కురిశాయి. కురిసి... అయిపోయాయి. వాళ్ళ నాయకుడు తన గుర్రాన్ని వెనక్కి నడిపించి, ఈసారి కొక్కేన్ని సింహం దవడకే తగిలించాడు. పక్కరాయి కిర్రుమంది.

వెరెకుంద చుట్టూ చూసింది. చేతికి రాయి లేదు. పక్కన ఉర్సికీనుస్... నిన్నటి నుంచి కింద పెట్టని మూటతో.

ఆయన మూట వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

“వెయ్యండి బావగారూ.”

“ఇద్దర్నీనా?”

“ఇద్దర్నీ. ఒక్కసారన్నా సరిహద్దు చూడనివ్వండి.”

చిన్న తల. విసరడానికి ఆయన చేతికి ఎంత చక్కగా అమిరిందో! గుర్రం నుదుటి మీద టంగున తగిలింది. గుర్రం ముందుకాళ్ళెత్తి లేచింది, పక్కకు పడింది — సరిగ్గా నీళ్ళు తోడిన కన్నాల మీద. పెటిల్లున మంచు విరిగింది. ఒక పగులు, దానికి పిల్ల పగులు, దానికి మరొకటి. వెనకవాళ్ళు పడినవాళ్ళను బయటికి లాక్కుని, గుర్రాల్ని తిప్పి, వచ్చిన దారి పట్టారు.

ఊరు అరిచింది. గోడ మీద, కప్పుల మీద, వీధుల్లో — గొంతులు పోయేదాకా అరిచింది. ఏ చక్రవర్తి పేరూ చెప్పలేదు. వాళ్ళ పేర్లే వాళ్ళు అరుచుకున్నారు. ఎవరో వెరెకుంద పేరు అరిచారు. అందరూ అందుకున్నారు. ఆమె తన చేతులకేసి చూసుకుంది. తాడు కోసిన చేతులు, రాతిపొడి ఇంకిన చేతులు. ఒళ్ళు మనదే తల్లీ... నాన్న మాట ఇప్పుడు గర్వంగా వినిపించింది.

తల మంచు మీద పడి ఉంది. ఒక ముఖం ఆకాశంకేసి, ఒకటి నీళ్ళకేసి. ఎవరిది ఏదో గోడ మీంచి తెలియడం లేదు.

“వసంతానికి కొత్త పటం వస్తుందేమోనే,” అన్నాడు ఉర్సికీనుస్. గొంతు బొంగురుపోయింది. “కొత్త తల పెట్టమంటే ఏం చెప్పను?”

“మెడ గోడలో ఉందని చెప్పండి. పెట్టుకునేవాణ్ణి వచ్చి ఇక్కడ నిలబడమనండి.”

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. వస్తాడో, రాడో... ఎవరొస్తారో.

కింద పగుళ్ళ మధ్య నీళ్ళు కదిలాయి. సన్నగా, గొంతు సవరించుకుంటున్నట్టు, నది ఏదో అనడం మొదలుపెట్టింది. వెరెకుంద గోడ మీదికి వంగి వింటోంది.