మా ఆయన కాలికి ఒక ఇంగ్లీషు మాట

మా ఊరు కోటబొమ్మాళికి ఆటోలో అరగంట దూరం. ఏటా అమ్మవారి సంబరంలో నిప్పుల గుండం తొక్కేటప్పుడు, నెత్తిన ఘటం పెట్టుకుని అందరికంటే ముందు నడిచేది మా ఆయన సోములు. నిష్ఠగా ఉన్నవాళ్ళ కాళ్ళు అమ్మవారు కాలనివ్వదని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం, ఆయనదంత గట్టిది కాదు.

పోయినేడు ధనరాజ్ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ధనరాజ్ మా వీధివాడే, ఆటో నడుపుతాడు. మా ఆయన గుడి ముందు, అందరూ వింటుండగా, "ఏటి తిన్నావురా? కోడిగుడ్డా?" అని అడిగారు. ఊరంతా నవ్వింది. ఇప్పటికీ పిల్లలు వాడి ఆటో వెనక "గుడ్డు, గుడ్డు" అని అరుస్తూ పరిగెడతారు. ఈ ఏడు వాడు గుండం దగ్గరికే రాలేదు.

ఈ ఏడు మా ఆయనకు కాలింది.

ఆయనకు తెలియను కూడా లేదు. షుగరు వల్ల అరికాళ్ళకు స్పర్శ తక్కువ. పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతూ నేనే చూశాను. బొటనవేలి కింద పెద్ద బొబ్బ.

"ఇదేటయ్యా?"

"ముల్లు."

ముల్లు అంత వెడల్పుంటుందా అని అడగలేదు. ఆయన నిష్ఠకు వండిపెట్టింది నేను. ఆ రోజుల్లో ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వలేదు. మరి ఎందుకు కాలినట్టు? దీపం పెట్టి అమ్మవారినే అడిగాను. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.

వారం తిరక్కుండా బొబ్బ చితికి, చుట్టూ నల్లబడింది. షుగరుతో కాలు తీసేసిన మనిషి మా చుట్టాల్లోనే ఉన్నాడు. ఏడ్చి, బతిమాలి ఆయన్ని కోటబొమ్మాళి ఆసుపత్రికి ఒప్పించాను. ఆయన షరతులు రెండు. కాలిందన్న మాట ఎవరూ అనకూడదు. డాక్టరమ్మతో మాట్లాడటానికి మేనకోడలు సుహాసిని రావాలి. సుహాసిని ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు. ఇంగ్లీషులో చెబితే పక్కవాళ్ళకు తెలియదని ఆయన ఆలోచన. అమ్మవారికి కూడా తెలియదనుకున్నారేమో.

బయల్దేరిన పొద్దున దొరికింది ధనరాజ్ ఆటోనే.

"ఒలే, దెబ్బకి ఇంగ్లీసులో ఏటంటారే?" అన్నారు మా ఆయన, దారిలో.

"నొప్పెడితే హర్ట్ అంటారు మావయ్యా."

"నొప్పి నేదు కదేటి."

"అయితే ఇంజరీ. యాక్సిడెంట్లో తగిలితే అలగంటారు."

"అమ్మోరి గుండంలో యాక్సిడెంటేటే! లెంపలేసుకో."

సుహాసిని లెంపలు వేసుకుంది. "వూండ్ అనొచ్చు. కత్తి దెబ్బ, తుపాకీ దెబ్బ..."

"నామీద కత్తి దూసిందెవులే? అమ్మోరా?"

"మరింక డ్యామేజీయే. కానీ అది మనుసులకి వాడరు. బస్సుకీ, గోడకీ అంటారు."

మా ఆయన ముఖం వెలిగింది. "అదే! బస్సు డ్యామేజీ అయితే బస్సు పాపం సేసినట్టా? మనిసికి కాదే, కాలికే."

"డాక్టరుగారు నవ్వుతారు మావయ్యా. నాను టీచర్ని."

"నవ్వనీ."

కాలినదానికి అసలు మాట, మూడో తరగతి పిల్లలకు కూడా వచ్చినది, సుహాసిని నోటి చివరే ఉంది. నేనే కళ్ళతో వద్దన్నాను. ధనరాజ్ అద్దంలోంచి చూస్తున్నాడు.

ఆసుపత్రి బెంచీల నిండా మా ఊరివాళ్ళే. డాక్టరమ్మ కాలికి చుట్టిన గుడ్డ విప్పగానే మా ఆయన గట్టిగా, "డ్యామేజ్, మేడం" అన్నారు. సుహాసిని గోడ మీది బొమ్మలు చూడసాగింది.

"ఎన్నాళ్ళయింది?"

"డ్యామేజ్."

"సరే. ఎన్నాళ్ళయింది?"

రోజు చెబితే అది సంబరం రోజని అందరికీ తెలిసిపోతుంది. ఆయన కూడా గోడ మీది బొమ్మల వైపు తిరిగారు. డాక్టరమ్మ పాదాన్ని దూదితో నొక్కుతోంది. ఆ నొప్పి ఆయనకు తెలియడం లేదు, చూస్తున్న నాకు తెలుస్తోంది.

"కాలినాదమ్మా," అన్నాను. "సంబరం నాడు గుండం తొక్కినాడు."

బెంచీల మీదివాళ్ళు మెడలు సాచి చూశారు.

"కాలిందని చూస్తేనే తెలుస్తోంది. నేనడిగింది రోజు," అంది డాక్టరమ్మ. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు పోయేదని కోప్పడి, కట్టు కట్టింది.

ఇంటి ముందు ధనరాజ్ ఆయన్ని భుజం పట్టి దింపాడు. దింపాక కూడా పట్టు వదల్లేదు.

"మావా, పోయినేడు నా కాళ్ళకయినదేటి?"

మళ్ళీ గుడ్డంటారేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆయన కట్టు వంక చూసుకున్నారు.

"డ్యామేజీయేరా."

"అయితే ఆ మాట గుడికాడ సెప్పు. ఆ రోజు అందరి ముందరా అన్నావు కాదేటి."

"సుహాసిని సెప్తాదిలే, ఇంగ్లీసులో."

"నాను సెప్పను," అంది సుహాసిని ఆటోలోంచే. "ఊరందరి ముందరా మనిసికి డ్యామేజీ అంటే బడిలో నా పరువుంటాదా?"

మా ఆయన నా వైపు తిరిగారు. "తెలుగులో ఏటనాలే మరి?"

"కాలినాదనాల," అన్నాను. "ఇద్దరికీని."

ఆయన గడప మీద కూర్చుని, ఆ మాటను పెదాల మీదే ఒకసారి అనుకుని చూశారు. ధనరాజ్ ఆటోను గుడి వైపు తిప్పి, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.