అడ్డగీతలు

బావ ఊరంతా చెప్పుకుంటున్నాడని నాకు ముందే తెలుసు, బండిలో ప్రతి ముక్కా తానే కాల్చి కొట్టానని. అక్క మొగుడు కదా, చెప్పుకోనీ అనుకున్నాను. ఇంజను విప్పాకే అసలు సంగతి తెలిసింది.

బావకి మోటారు సైకిళ్ల షెడ్డు ఉంది. ఎవరి దగ్గరా లేని బండి ఒకటి కట్టాలని పంతం పట్టాడు. దానికి కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకుతో కలిపే జానెడు కడ్డీ, నేను చేశాను. పాత లారీ ఇరుసు ముక్క తెచ్చి, కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, సమ్మెటతో సాగగొట్టాను. మూడు చెడ్డాయి. నాలుగోది కుదిరింది. దాని నడుం మీద ఒక చుక్క, పక్కన నెలవంక పొడిచాను. మా నాన్న కొడవళ్ల మీద పొడిచిన గుర్తు అది.

బండికి పెద్ద ప్రదర్శనకి పిలుపొచ్చింది. ఎల్లుండి పరుగు. లోపల ఏదో టకటకమంటోంది, వచ్చి చూడమని బావ కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి షెడ్డులో బండ్ల సంఘం వాళ్లు అయిదారుగురు కూర్చున్నారు.

"మా బామ్మర్ది. నాకు కొలిమి తిత్తి ఊదిపెడుతుంటాడు," అన్నాడు బావ వాళ్లతో.

ఇంజను విప్పి రాడ్ బయటికి తీశాను. నా గుర్తు ఉండాల్సిన చోట బావ పేరు చెక్కి ఉంది. ముందు గ్రైండరుతో గుర్తు గీకేశాడు. ఆ గీతలన్నీ అడ్డంగా పడ్డాయి. రాడ్‌ని ఎప్పుడూ పొడుగునే రుద్దాలి. అడ్డగీత పడితే అక్కణ్ణించే చిరుగుతుంది, గుడ్డయినా ఇనుమైనా. దాన్ని కొట్టి చేసినవాడెవడూ అలా గీకడు.

రాడ్‌ని బల్ల చివరికి పట్టుకెళ్లి కిరసనాయిలు రాశాను. శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లాను. పగులుంటే లోపల దాక్కున్న నూనె పొడిలోకి ఊరుతుంది. కాసేపటికి గోరంత నల్లగీత తేలింది, సరిగ్గా బావ పేరు కింద.

పరుగులో అది తెగుతుంది. తెగితే చక్రం బిగుసుకుపోతుంది. పైన కూర్చునేది బావ.

చేతిలో గుడ్డ ఉంది. ఒక్కసారి తుడిస్తే చాలు, ఆ గీత ఎవరికీ కనబడదు. అబద్ధమెందుకు, బావ రోడ్డు మీద దొర్లడం కళ్లకు కట్టింది. బాగానే ఉంది.

అక్క వెనక తలుపులోంచి తొంగి చూసింది. "ఏరా, ఆ మూతేమిటి? తిట్టాలనుంటే తిట్టు, తినాలనుంటే తిను. రెండూ నోటిపనే. కూర చల్లారిపోతోంది."

"వస్తానక్కా."

అక్క మొహం చూసి ఆగానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నేను ఆలోచించింది వేరు. బావ పోతే ఆ బండిని గాజుపెట్టెలో పెడతారు. కింద పేరు రాస్తారు. ఎంత పనిమంతుడో అని వచ్చే పోయేవాళ్లు నిట్టూరుస్తారు. అంత సుఖం నేనెందుకు ఇవ్వాలి?

రాడ్ తెచ్చి అందరికీ ఆ గీత చూపించాను. వైసులో బిగించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. రెండు ముక్కలైంది.

బావ మొహం పాలిపోయింది. "ఏం పని చేశావురా? సరేలే, రేపటికల్లా ఇంకోటి కొట్టు."

"నేనెక్కడ కొట్టాను బావా? నువ్వు కదా కొట్టింది. పద, కొలిమి రాజేస్తాను. తిత్తి ఊదడం నాకు వచ్చుగా."

సంఘం పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పదండి. మేము చూడాలనుకున్నదీ అదే."

నా కొలిమి రెండు వీధుల అవతల. అందరూ వచ్చారు. బావ కొత్త పట్టకారు ఏరుకున్నాడు, చూడ్డానికి బాగుందని. అది ఇరుసు ముక్కకి చాలదు. ముక్క రెండుసార్లు జారి బూడిదలో పడింది. మూడోసారి ఎర్రబడీ పడకముందే లాగి సమ్మెట వేశాడు. దెబ్బ తిరిగొచ్చి మోచెయ్యి ఝుమ్మన్నట్టుంది, మొహం చిట్లించాడు. సంఘం వాళ్లలో ఒకడు దగ్గాడు. పెద్దాయన చేతులు కట్టుకుని బావ చేతులకేసే చూస్తున్నాడు.

బావ నా మీదికి వంగాడు. "చాలురా. నువ్వు చేశావని చెప్పెయ్."

"నేను చెబితే ఏం బాగుంటుంది? నువ్వే చెప్పు బావా. కాస్త గట్టిగా, వెనకున్నవాళ్లకి కూడా వినపడేలా."

బావ వాళ్లకేసి చూశాడు. మళ్లీ సమ్మెట ఎత్తాడు. దాగలి దిమ్మ మీద ఇనుము అప్పటికే నల్లబడింది. సాయంత్రం దాకా నాకు వేరే పనేమీ లేదు. నిప్పు ఆరకుండా ఊదుతూ కూర్చున్నాను.