వాడిది జబ్బు, ఆమెది గుణం

ధర్మతేజ చేత పొద్దున్నే మందు మింగించడం భావన పని. రెండో వాయి ఇడ్లీ పొయ్యి మీదికి ఎక్కించి, చేతులు తుడుచుకుని, బంగారు రంగు అట్టపెట్టెలోంచి ఒక క్యాప్సూల్ తీసి కొడుకు అరచేతిలో పెడుతుంది. వాడు మింగేదాకా కదలదు. నీళ్లు దిగుతుంటే వాడి గొంతు ఆడడం చూస్తూ ఉంటుంది. ఆ చూపులో తల్లి జాగ్రత్త ఉంది. ఇంకొకటి కూడా ఉంది, దానికి సరైన పేరు అసూయ. కన్నకొడుకును చూసి అసూయపడే తల్లులుంటారని ఆమె ఎక్కడా వినలేదు. అందుకని పేరు పెట్టకుండానే చాలాకాలం దాన్ని మోసింది.

వాళ్లది కర్ణాటకలో, జవళగేర దగ్గర కాలువ కింది క్యాంపు; వలస వచ్చిన తెలుగు రైతుల ఊళ్లను అక్కడ అలాగే అంటారు. భర్త సుబ్బు వాళ్ల తాతగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నేల కొన్నారు. ధర్మతేజ క్లాసులో కూర్చోలేకపోతున్నాడని, పరీక్షలో సగం ప్రశ్నలు చూడకుండానే పేపరు ఇచ్చేస్తున్నాడని బడివాళ్లు చెబితే, కిందటేడు రాయచూరులో అంబుజ అనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆవిడ చాలాసేపు పరీక్షించి ఏడీహెచ్‌డీ అని చెప్పింది. ధ్యాసను ఒకచోట నిలపడానికి మెదడు పడే ఇబ్బంది అది, బద్ధకమూ కాదు, పొగరూ కాదు అని వివరించింది. "ఇంట్ల ఇంకెవరన్న గిట్లనే ఉన్నరా?" అని అడిగింది.

సుబ్బు లేరన్నాడు. భావన మాత్రం డాక్టరు అప్పటిదాకా వాడి గురించి అడిగిన ప్రశ్నలన్నిటికీ మనసులో తన జవాబులు చెప్పుకుంటోంది. పొంగిపోయిన పాలు, సగం ఉతికి మరిచిపోయిన బట్టలు, మొదలుపెట్టి ముగించలేని మాటలు, లెక్కల్లో మొదటి మార్కు వచ్చీ మొదటి ఏడాదిలోనే వదిలేసిన బీఎస్సీ. "నేనున్నాను మేడమ్" అంది. డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. ముప్ఫై ఏడేళ్ల జీవితంలో ఒకరు తన మాట కోసం కుర్చీ తిప్పుకోవడం భావనకు అదే మొదటిసారి. మరో రెండు రాకపోకల తరువాత ఆమెకూ అదే మందు వేరే మోతాదులో రాశారు.

ఆ మందు రెండు నెలలు వేసుకుంది. నాలుగైదు వారాలదాకా ఏమీ తెలియలేదు. తరువాత ఒకరోజు, సింధనూరులో రైసుమిల్లు ఆగినప్పుడు మాత్రమే ఇంతసేపూ చప్పుడు ఉందని తెలిసినట్లు, తలలో ఏదో ఆగింది. వార్తాపత్రికలో ఒక పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. పాలు పొంగకముందే పొయ్యి ఆపింది. ఈ సంగతులు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ యాసంగి పంటకు కాలువ నీళ్లు రావన్నారు. ఖర్చులు తగ్గించాలని కూర్చున్నప్పుడు సుబ్బుకు మొదట కనిపించింది ఆమె మందే. "చీడ కనపడితేనే కదా మందు కొట్టేది. నీకు బడా, పరీక్షలా? పెళ్లీ పేరంటం ఉన్నప్పుడు రెండు వేసుకో, సరిపోద్ది" అన్నాడు. అతను దుర్మార్గుడు కాడు. రోజూ వేసుకుంటేనే పనిచేసే మందును పురుగుమందులా అప్పుడప్పుడు చల్లుకోవచ్చని నిజంగానే నమ్మాడు. అత్తగారు బుల్లెమ్మ ఇంకో మాట కలిపింది. "ఇన్నేళ్లూ మందేసుకునే ఇల్లు నడిపిందా ఏంటి?" భావన సరేనంది. ఆ సరే తన నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకు ఈనాటికీ అర్థం కాదు.

మళ్లీ నాట్లు పడ్డాయి, పైరు పచ్చబడింది. ఆమె మందు మాట ఎవరూ ఎత్తలేదు. అసూయ మాత్రం ఏపుగా పెరిగింది. ధర్మతేజ పెరట్లో మోటారు ఆపడం మరిచిపోయి పెరడంతా బురద చేస్తే బుల్లెమ్మ వాడి తల నిమిరి, "పాపం, పిచ్చినాగన్న, ఇవాళ మందేశావా వాడికి?" అని కోడలినే నిలదీసేది. అదే సాయంత్రం భావన పప్పు మాడబెడితే, "ధ్యాసంతా ఏ రాజ్యాలేలుతుందో మహాతల్లికి" అనేది. ఒకే మరుపు, ఒకే ఇల్లు. వాడిది జబ్బు, ఆమెది గుణం. వాడు గంటసేపు కదలకుండా లెక్కలు చేస్తుంటే వంటింటి గుమ్మంలోంచి చూసేది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. రుచి తెలియనివాళ్ల ఆకలి వేరు, తెలిసినవాళ్ల ఆకలి వేరు. వాడు పుస్తకం మూసి హాయిగా ఒళ్లు విరుచుకుంటే ఆమెకు కళ్లు మండేవి.

ఒక ఉదయం వాడు స్నానంలో ఉండగా క్యాప్సూల్ తన అరచేతిలోనే ఉండిపోయింది. వాడి మోతాదు వేరని, ఒక్కటి మింగితే ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. తువ్వాలు చుట్టుకుని వచ్చిన ధర్మతేజ చూశాడు.

"నీది ఎప్పుడో అయిపోయింది కదమ్మా" అన్నాడు. "ఆదివారాలు నాది నువ్వేసుకో. నేను ఎలాగూ క్రికెట్టే ఆడతా."

ఆమె క్యాప్సూల్ వాడి చేతిలో పెట్టి, "ఒకళ్లది ఒకళ్లు వేసుకోకూడదు. నువ్వు మింగు ముందు" అంది. వాడు సైకిలెక్కి వెళ్లాక వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. పదమూడేళ్ల పిల్లవాడికి పంచుకుందామని తోచింది. ఇంటి లెక్కలు చూసే భర్తకు తోచలేదు. ఇన్నాళ్లూ తను కోపంగా చూస్తూ వచ్చింది వీళ్లిద్దరిలో ఎవరిని?

ఆ మధ్యాహ్నమే డాక్టరుకు ఫోను చేసి, ఆ బంగారు పెట్టె మందు ధర తట్టుకోలేక తనది మానేశానని చెప్పింది.

"ఆ కంపెనీదే కావాల్నని నేనెప్పుడు చెప్పిన?" అంది అంబుజ. "సాల్ట్ పేరు, అంటే లోపలి మందు పేరు రాసిన, చూడుండ్రి. వేరే కంపెనీది తక్కువల దొర్కుతది. మళ్ల షురూ చేసేముందు ఒకపారి వచ్చి బీపీ చూపిచ్చుకోండి. ఒక్కటే కంపెనీది పట్టుకోండి. తేడా అనిపిస్తే నాకు చెప్పండి, అంతేగాని మీకు మీరే బంద్ చెయ్యకుండ్రి."

రాయచూరు వెళ్లి చూపించుకుని, కొత్త చీటీ రాయించుకుంది. శనివారం సుబ్బుతో పాటు సింధనూరు బయలుదేరింది. ముందు పురుగుమందుల కొట్టు. వరికి పట్టిన సుడిదోమకు కొట్టువాడు మెరిసే సీసా ఒకటి ముందు పెడితే సుబ్బు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివాడు. "టెక్నికల్, అదే లోపలి మందు, ఒకటే కదయ్యా. పేరుకి డబ్బులెందుకు పోయాలి? ఆ మూల ఉన్న సాదా సీసా ఇవ్వు" అన్నాడు. క్యాంపు రైతులకు అదొక గర్వం. సీసా ముందు బొమ్మ చూసి కొనేవాడిని వాళ్లు రైతు కింద లెక్కవెయ్యరు.

తరువాత వాదిరాజ్ మందుల షాపు. "మా వాడిది ఎప్పటిదే ఇవ్వండి" అన్నాడు సుబ్బు.

భావన తన చీటీ బల్ల మీద పెట్టింది. "ఈ సాల్టే వేరే కంపెనీది ఉందాండీ?"

"ఉన్నది కదమ్మా. మందు అదే, మోతాదు అంతే. డబ్బ చూడనీకె మంచిగుండదు, ధర సగం కూడ కాదు" అంటూ వాదిరాజ్ తెల్ల పెట్టె ఒకటి తీశాడు.

అది కొడుక్కేననుకుని సుబ్బు మొహం ముడుచుకున్నాడు. "మెదడుకేసే మందు భావనా. పిల్లాడి మీద ప్రయోగాలొద్దు."

"ఇందాక ఎనిమిదెకరాల మీద చేశారుగా."

"పైరు వేరు, మెదడు వేరు."

"అనుమానం మంచిదే" అంది భావన, గొంతు పెంచకుండా. "అందుకే నా మీద చేద్దాం. మొదటి నెల ఏమీ తెలియదు. రెండో నెల చివర తేలుతుంది. పనిచేస్తే, డాక్టరుగారు సరేనంటే, ఇద్దరికీ ఇదే. చెయ్యకపోతే ఇద్దరికీ ఆ బంగారు పెట్టె మందే."

వాదిరాజ్ నవ్వాడు. "సుబ్బుగారూ, ఎట్ల తిరిగినా అమ్మది బంద్ కాదు. లెక్క సాఫ్ ఉన్నది."

సుబ్బు రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూశాడు. తెల్ల పెట్టెను తిప్పి వెనక చదివాడు, అలవాటు కొద్దీ. "సరే. పనిచేసిందో లేదో ఎట్టా తెలుస్తుంది? సుడిదోమైతే దుబ్బు మొదట్లో కనపడుద్ది."

"నేను చెబుతాను" అంది.

ఆరో వారంలో ఒక ఉదయం కొడుకు పక్కన నిలబడి తన క్యాప్సూల్ మింగి, పాల పొయ్యి ఆపింది. పొంగు అంచుదాకా వచ్చి ఆగింది. మందువల్లనా, మందు దొరికిందన్న ఆశవల్లనా? ఆశ కూడా కొన్నాళ్లు మందులాగే పనిచేస్తుంది. తొందరపడి నమ్మకూడదని తనకు తానే చెప్పుకుంది.

సుబ్బు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్ల కాపురంలో ఎన్నడూ అడగని మాట ఈమధ్య రోజూ అడుగుతున్నాడు. "ఎట్టా ఉంది భావనా, లోపల?"

ఆ ప్రశ్న ఎంత బాగుందో, ఇన్నేళ్లూ ఎంతమందికి దొరుకుతుంటే తను చూస్తూ ఊరుకుందో గుర్తొచ్చింది. ఆ ప్రశ్నను అప్పుడే వదులుకోబుద్ధి కాలేదు.

"గడువు ఇంకా ఉంది" అంది. "రేపు మళ్లీ అడగండి."